డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారి జీవితచరిత్రము



మన సంఘ వార్షిక మహాసభ యీ యేట పొందూరున జరుగు సందర్భమున వెలువడు సంచికకు ఒక మహనీయుని చరిత్రము వ్రాసి యిండని కార్యదర్శిగారు మమ్ము గోరిరి. మన కులమున బుట్టి కీర్తిగన్నవారి చరిత్రములు ఇదివఱకటి సంచికలలో పెక్కులు వచ్చియున్నవి. ఈ మాఱు మేము మన జిల్లాలో జన్మించి లోకమంతట పేరుగన్న ఒక వైద్యుని చరిత్రము వ్రాయ నిశ్చయించితిమి. ఆయన యే కులమున జన్మించిరో చెప్పుట యీ వ్యాసమున కక్కఱలేదు. జిల్లా మనది. ఆయన పాటుపడి నిరూపించిన మేలు నేడు మన ప్రతి వంటయింటను ఉప్పుజాడిలో నున్నది. ఇంతమాత్రము చాలునని తలంచితిమి.

ఈ చరిత్రమునే యెన్నుకొనుటకు మఱియొక కారణము గలదు. మన బిడ్డలలో వైద్యవిద్య నభ్యసించువారును, నర్సులుగా శిక్షణ పొందువారును ఏటేట హెచ్చుచున్నారు. వారిలో కొందఱిని సంఘనిధినుండి ధనమిచ్చి ఇతరదేశములకు బంపి, అచ్చటి ఆరోగ్యవ్యవస్థలను జూచి నేర్చుకొని వచ్చునట్లు చేయవలెనని ఒక ప్రతిపాదన ఈ సభ ముందునకు రానున్నది. ఆలోచన మంచిది. కాని పోయినవారు ఏమి చూడవలెను, వచ్చినవారు ఏమి చేయవలెను అను ప్రశ్నలు ముందుగా తేల్చుకొనవలసినవి. వానికి సమాధానము గ్రంథములలో వెదకుటకంటె ఒక జీవితమునందు వెదకుట మేలని మాకు దోచినది.

వైద్యవిద్యకై దూరదేశము పోవుట మనకు క్రొత్తగాదు. మగధదేశపు రాజగృహమునుండి జీవకుడు తక్షశిలకు బోయి ఏడేండ్లు గురుకులవాసము చేసెనని బౌద్ధగ్రంథములు చెప్పుచున్నవి. చదువు ముగియు వేళ గురువు ఆతనిని బిలిచి, పట్టణము చుట్టును యోజనదూరము తిరిగి మందుగా పనికిరాని మొక్క యేదైన నున్న తెమ్మనెనట. జీవకుడు తిరిగి తిరిగి, అట్టి మొక్క యొక్కటియు గానరాలేదని చెప్పి వట్టిచేతులతో వచ్చెనట. అదే పరీక్షలో నెగ్గుట యయ్యెను. పిదప ఆతడు స్వదేశమునకు మరలి రాజునకును, భిక్షువులకును వైద్యము చేసెను. తరువాతి కాలమున సముద్రయానము కలివర్జ్యములలో జేర్పబడెను. మా తాతలనాడు ఓడ యెక్కి చదువుకై పోయినవారిని పంక్తినుండి తొలగించి, ప్రాయశ్చిత్తము చేయించి మరల గలుపుకొనుట కలదని పెద్దలవలన వింటిమి. అదే కాలమున పొట్టకూటికై మన జిల్లానుండి రంగమునకు బోయిన కూలివాండ్రకు లెక్కలేదు. నేడు కులసంఘములే విమానపు ఖర్చు లిచ్చి పిల్లలను బంపుచున్నవి. కాలమెంత మాఱినదో దీనివలన దెలియును.

ఇక ప్రస్తుతమునకు వత్తము. రామలింగస్వామిగారు 1921 ఆగస్టు 8వ తేదీన శ్రీకాకుళమున జన్మించిరి. ఆ నాడు శ్రీకాకుళము చెన్నపురి రాజధానిలోని గంజాం జిల్లాలో నుండెను. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు విశాఖపట్టణము జిల్లాలో జేరి, 1950లో వేఱు జిల్లా యయ్యెను. ఆయన రెండేండ్ల పసివాడై యున్నప్పుడు, 1923లో, విశాఖపట్టణమున వైద్యకళాశాల స్థాపింపబడెను. అదియే తరువాత ఆంధ్ర వైద్యకళాశాల యని ప్రసిద్ధి కెక్కినది. అంతకుముందు ఉత్తరాంధ్ర విద్యార్థి వైద్యపట్టమునకై చెన్నపురికి బోవలసి యుండెను. ఇంటికి జేరువను కళాశాల లేకున్నచో ఎందఱు ప్రజ్ఞావంతులు మఱుగుపడి యుందురో యూహించుకొనవచ్చును. రామలింగస్వామిగారు అచ్చటనే చదివి 1944లో ఎం.బి.బి.ఎస్. పట్టమును, 1946లో ఎం.డి. పట్టమును బడసిరి.

ఆ సంవత్సరములు ఎట్టివో చదువరులు గమనింపవలెను. 1943లో వంగదేశమున క్షామమువాత బడి లక్షలకొలది జనులు మడిసిరి. ఆకలియే ఒక వ్యాధియని, దానిని గూడ శాస్త్రమార్గమున పరిశోధింపవలెనని గ్రహించిన వైద్యులు అప్పటికి కొలదిమందియే. పట్టభద్రుడైన వైద్యుడు పట్టణమున గది యద్దెకు దీసికొని ధనార్జన చేయుట లోకసామాన్యము. రామలింగస్వామిగారు అట్లు చేయక 1947లో నీలగిరులయందలి కూనూరున నున్న పోషకాహార పరిశోధనాలయమున జేరిరి. ఇది 1918లో మెకారిసన్ అను బ్రిటిషు వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై ఒక గదిలో బ్రారంభించిన సంస్థ. తరువాత హైదరాబాదునకు మార్పబడి జాతీయ పోషకాహార సంస్థ యైనది ఇదియే. తిండి చాలక, తిన్న తిండిలో సారము చాలక దేహమున గలుగు మార్పులను సూక్ష్మదర్శినితో జూచుట ఆయన పని యయ్యెను.

అచ్చటినుండి ఆయన ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమునకు బోయిరి. మోచేతులమీదను, తొడలమీదను చర్మము గఱుకెక్కి, రోమకూపములు ముండ్లవలె లేచుట దక్షిణదేశపు పేదపిల్లలలో చాలకాలమునుండి కూనూరు పరిశోధకులు చూచుచుండిన లక్షణము. ఇది ఎ విటమిను లోపమువలన గలుగునా, కొన్ని నూనెలయందలి యవసరమైన కొవ్వులు చాలకపోవుటవలన గలుగునా అనునది సందేహము. ఆక్సుఫర్డున పోషకాహార శాస్త్రజ్ఞుడైన సింక్లేరుతో గూడి ఎలుకలపై ఈ విషయమును పరిశోధించిరి. ఆ ఫలితములు 1953లో ప్రకటితములైనవి. ఆ విశ్వవిద్యాలయమువారు 1951లో ఆయనకు డాక్టరు పట్టము నిచ్చిరి. మేము ఈ సందర్భమున గమనించినది ఒక్కటి. ఆయన అక్కడికి బోయి అక్కడివారి సమస్యను దన సమస్యగా జేసికొనలేదు. మన పిల్లల చర్మముమీది సందేహమునే అచ్చటి ప్రయోగశాలలో తీర్చుకొన జూచిరి. సందేహము ఇంటినుండి తీసికొనిపోయినవానికే విదేశమున చూడదగినది కనబడును.

ఆయన ఇంగ్లండున నున్న దినములలో ఆ దేశమున ఒక గొప్ప మార్పు జరుగుచుండెను. 1948 జూలై 5వ తేదీనుండి ధనిక దరిద్ర భేదము లేక జనులందఱకు రొక్కము పుచ్చుకొనకయే వైద్యము చేయు జాతీయారోగ్యసేవ యారంభింపబడినది. యుద్ధము ముగిసి యేండ్లు గడచినను ఆహారపదార్థములు ఇంకను చీట్లమీదనే పంచబడుచుండెను. వైద్యమనగా వైద్యుని గదిలో జరుగునది మాత్రమే కాదనియు, ఉప్పు పప్పుల పంపకము గూడ దానిలోనిదే యనియు దెలిసికొనుటకు అంతకంటె తగిన పాఠశాల ఆ కాలమున వేఱొకటి లేదు.

స్వదేశమునకు వచ్చి కూనూరున 1954 వఱకు పనిచేసి, పిమ్మట ఢిల్లీలోని భారత వైద్యపరిశోధనా మండలిలో 1957 వఱకు డిప్యూటీ డైరెక్టరుగా నుండిరి. ఆయన పేరు చిరస్థాయిగా నిలిపిన కార్యము ఈ కాలముననే యారంభమైనది.

గళగండము, అనగా గొంతుముందర లేచు గడ్డ, మనవారెఱుగని వ్యాధిగాదు. సుశ్రుతసంహితయందు నిదానస్థానమున దీని లక్షణములు చెప్పబడియున్నవి. మేము బాల్యమున సీతంపేట సంతకు బోయినపుడు, కొండదిగి వచ్చిన స్త్రీలలో ఒకరిద్దఱి కంఠములయందు దీనిని జూచి భయపడి మా తండ్రిగారి చేయి పట్టుకొన్నట్లు జ్ఞాపకము. మన ప్రాంతమున ఇది కొండలకు బరిమితము. హిమాలయపాదములందైతే ఊళ్లకూళ్లు దీనితో నుండెను. మంచును వానయు వేలయేండ్లు మట్టిని గడిగి గడిగి అందలి అయొడిన్ అను పదార్థమును సముద్రమున గలుపుటచేత, ఆ నేలను బండిన ధాన్యములోను, త్రాగు నీటిలోను అది మిగుల కొఱవడును. అయొడిన్ చాలనిచో కంఠమునందలి థైరాయిడు గ్రంథి ఉబ్బును. గడ్డ కంటికి గనబడునది గాన జనులు దానినే వ్యాధి యనుకొందురు. కంటికి గనబడని కీడు దానికంటె పెద్దది. గర్భిణికి అయొడిన్ చాలకున్నచో కడుపులోని శిశువు మెదడు పెరుగుదల కుంటుపడును. కొందఱు పుట్టుచెవిటివాండ్రును మూగవాండ్రును అగుదురు. మఱి కొందఱు బుద్ధి మందగించి జీవితమంతయు నితరుల చేతిమీద బ్రతుకవలసి వచ్చును. బడిపంతులుగా ముప్పదియేండ్లకు పైగా గడపిన మేము, మందబుద్ధియని మేమే దండించిన పిల్లలను దలచుకొని ఈ మాట వ్రాయునపుడు సిగ్గుపడుచున్నాము.

ఈ వ్యాధికి నివారణోపాయము విదేశములలో అప్పటికే తెలిసియుండెను. అమెరికాలో ఏక్రన్ పట్టణమున 1917లో బడిపిల్లలకు అయొడిన్ ఇచ్చి పరీక్షింప మొదలిడి, గ్రంథివాపు నివారింపవచ్చునని చూపిరి. స్విట్సర్లాండు దేశమున 1922లోను, అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున 1924లోను అయొడిన్ కలిపిన ఉప్పు వాడుకలోనికి వచ్చెను. అచ్చట జరిగినదానిని ఇచ్చట యథాతథముగా జేసిన చాలదా యని తోచవచ్చును. చాలదు. స్విట్సర్లాండువారి ఉప్పు శుద్ధిచేయబడి పొడిగా నుండి పొట్లములలో అమ్మబడునది. మన ఉప్పు ఎట్టిదో నౌపడ ఉప్పుమడులను జూచినవారికి దెలియును. కల్లుప్పు, చెమ్మగలది, గోనెసంచులలో బడి, బండ్లలోను గిడ్డంగులలోను వానకు దడిసి, ఎండకు ఎండి, నెలల తరబడి ప్రయాణము చేయునది. ఆ దేశములలో ఉప్పునందు గలిపిన పొటాసియం అయొడైడు అను లవణము చెమ్మగాలికి విడిపోవునది. మన ఉప్పులో నిది యిల్లాలి చేతికి వచ్చులోపల చాలవఱకు ఆవిరియై పోవచ్చును. దీనికంటె నిలుకడ గలది పొటాసియం అయొడేటు. ఏది మన నేలకు దగునో మననేలమీదనే చూడవలసియుండెను.

రామలింగస్వామిగారును, డాక్టరు సూచ్ మొదలగు సహచరులును 1956లో కాంగ్రాలోయ నెన్నుకొనిరి. ఇది నాడు పంజాబులో నుండి 1966లో హిమాచలప్రదేశమున జేరినది. అచ్చటి జనులలో నూటికి నలువదిమందికి దగ్గఱగా గళగండము గలవారు. లక్షకు పైబడిన జనసంఖ్యగల భాగమును మూడు మండలములుగా విభజించిరి. ఒక మండలమునకు అయొడైడు కలిపిన ఉప్పును, ఒకదానికి అయొడేటు కలిపిన ఉప్పును, మిగిలినదానికి ఏమియు గలుపని ఉప్పును సరఫరా చేయించిరి. ఈ పని వినుటకు సులభము. కొండదారులవెంట ఇంటింటికి దిరిగి కంఠములు చూచి లెక్కవ్రాయుట, అంగళ్లలో వేఱు ఉప్పు చొరకుండ గాచుట, అయిదేండ్లు విసుగు చెందక కాచియుండుట ఎంతటి పనియో వ్యవసాయము చేసినవారికి చెప్ప నక్కఱలేదు.

అయిదేండ్లు గడచినపిమ్మట చూడగా అయొడిన్ కలిపిన రెండు మండలములలోను వ్యాధి సగమునకు దిగియుండెను. సాదా ఉప్పు వాడిన మండలమున తగ్గలేదు. 1962కు పిమ్మట ఆ మండలమునకు గూడ అయొడిన్ ఉప్పే ఇచ్చిరి. అచ్చటను వ్యాధి తగ్గజొచ్చెను. ఆ 1962లోనే భారతప్రభుత్వము జాతీయ గళగండ నివారణ కార్యక్రమమును బ్రారంభించెను. తరువాత దేశములోని తినుడుప్పంతయు అయొడిన్‌తో గూడి యుండవలెనను విధానము వచ్చెను. నేడు మన యింటికి వచ్చు ఉప్పునందు పదిలక్షల పాళ్లకు కనీసము 15 పాళ్లు అయొడిన్ ఉండవలెనని నియమము. కలుపబడునది అయొడేటే. విదేశమున గనుగొన్న తత్త్వము, స్వదేశమున గొలిచిచూచిన పద్ధతి, ఈ రెండును గలిసినపుడే మన కుండలోనికి మేలు దిగినది.

పొందూరు వారమైన మాకు దీనిని వివరించుటకు వేఱు దృష్టాంత మక్కఱలేదు. మన కొండపత్తిని వాలుగచేప దవడతో దువ్వి శుభ్రపఱతురు. మఱియొక ఊర మఱియొక పత్తికి మఱియొక పనిముట్టు తగియుండవచ్చును. పనిముట్టు మెచ్చదగినదే, పత్తినిబట్టి దాని నెన్నుకొనుట వడకువాని వివేకము.

1956లో ఢిల్లీయందు అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ స్థాపింపబడెను. ఆరోగ్యమంత్రిణియైన రాజకుమారి అమృతకౌరుగారి పట్టుదలయు, న్యూజీలండు ప్రభుత్వము కొలంబో ప్రణాళికక్రింద నిచ్చిన ధనమును దీనికి మూలములు. ఉన్నతవైద్యవిద్యకై మనవారు పరదేశములపై నాధారపడు దుస్థితి తొలగవలెననునది దాని ముఖ్యోద్దేశములలో నొకటి. రామలింగస్వామిగారు 1957లో అచ్చట వ్యాధినిదానశాస్త్రమున ఆచార్యులై, 1969నుండి 1979వఱకు ఆ సంస్థకు డైరెక్టరుగా నుండిరి. మాంసకృత్తులు చాలని తిండివలన బిడ్డల కాలేయమునకును పేగులకును గలుగు హానిని, కోతులపై ప్రయోగములు చేసి విశదపఱచిరి. రక్తహీనత, బాలల కాలేయవ్యాధి మొదలగు మనదేశపు రుగ్మతలే ఆయన పరిశోధనకు విషయములు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతమున 1965లో ఆ సంస్థవారు గ్రామారోగ్యసేవ యొకటి యారంభించియుండిరి. రాజధానిలో చదువు వైద్యవిద్యార్థి పల్లెకు బోయి అచ్చటి బావిని, పశులకొట్టమును, బాలింతరాలి తిండిని జూచి నేర్చుకొనుట అచ్చట సాగుచువచ్చెను. విదేశయాత్ర యెంత విద్యయో ఈ పల్లెయాత్రయు నంత విద్య.

1979నుండి 1986వఱకు ఆయన భారత వైద్యపరిశోధనా మండలికి డైరెక్టరు జనరలుగా నుండిరి. అంతకు ముందటి యేడు, 1978లో, ఆల్మా ఆటా నగరమున ప్రపంచదేశములు పెక్కు గూడి, 2000 సంవత్సరమునాటికి అందఱికి ఆరోగ్యము చేకూర్పవలెనని తీర్మానించియుండెను. మనదేశమున అది యెట్లు సాధ్యమో విచారించుటకై ఈ మండలియు, సాంఘికశాస్త్ర పరిశోధనా మండలియు గలిసి యొక సంఘమును నియమించెను. రామలింగస్వామిగారు దాని కధ్యక్షులు. 1981లో ప్రకటితమైన ఆ నివేదిక సారాంశమును మా మాటలలో జెప్పెదము. పాశ్చాత్యదేశములనుండి తెచ్చిన వైద్యవ్యవస్థ మనదేశమున పట్టణములకును, పెద్ద ఆసుపత్రులకును, కలిగినవారికిని ఎక్కువ మేలు చేసి, పల్లెలోని బీదవానికి దూరమైనది. రోగము వచ్చినపిమ్మట చేయు చికిత్సకే ధనమంతయు పోవుచున్నది. ఆరోగ్యము గ్రామమున గ్రామస్థుల చేతులలో మొదలుకావలెను. తిండి, నీరు, పారిశుద్ధ్యము, స్త్రీవిద్య, దారిద్ర్యనివారణ ఇవన్నియు ఆరోగ్యములోని భాగములే.

ఈ మాటలు విదేశము మొగమెఱుగనివాడు చెప్పినచో అసూయయని త్రోసివేసియుందురు. చెప్పినవారు ఆక్సుఫర్డు పట్టభద్రులు. ప్రపంచారోగ్యసంస్థవారు 1976లో లియోన్ బెర్నార్డు బహుమాన మిచ్చి గౌరవించినవారు. అమెరికాదేశపు విజ్ఞాన అకాడమీవారు తమలో నొకరిగా నెన్నుకొన్నవారు. 1986లో లండనులోని రాయల్ సొసైటీవారును ఆయనను సభ్యునిగా గైకొనిరి. మన ప్రభుత్వము 1969లో పద్మశ్రీయు, 1971లో పద్మభూషణమును ఇచ్చెను. విదేశముల నింతగా జూచినవారే విదేశపు మాదిరిని ఉన్నది ఉన్నట్లు దింపుట చాలదని చెప్పినందున ఆ మాటకు బరువు గలిగినది.

1994లో సూరతు నగరమున ప్లేగు వచ్చినదని దేశమంతయు గడగడలాడెను. జనులు రైళ్లెక్కి పాఱిపోయిరి. అది ప్లేగగునా కాదా యని వైద్యులలోనే వాదములు బయలుదేఱెను. ప్రభుత్వము నియమించిన నిపుణసంఘమునకు అప్పటికి డెబ్బదిమూడేండ్ల రామలింగస్వామిగారే అధ్యక్షులు. ఆ సంఘము విచారించి, అది ప్లేగేయని సాక్ష్యములతో నిర్ణయించెను. 1996లో ఐక్యరాజ్యసమితి బాలల నిధివారి పత్రికలో ఇద్దఱు సహచరులతో గలిసి ఒక వ్యాసము వ్రాసిరి. ఆఫ్రికాకంటె తిండిగింజలు మెండుగా నున్న దక్షిణాసియాలో బిడ్డలు అంతకంటె నెక్కువగా చిక్కిపోవుట కేమి కారణమని అందలి ప్రశ్న. స్త్రీకి ఇంటను సంఘమునను గల స్థితి తక్కువగుటయే ప్రధానకారణమని వారు తేల్చిరి. తల్లి కడపట మిగిలినది తినుచున్నంతకాలము బిడ్డ తక్కువ బరువుతోనే పుట్టును. కులసభలలో ఈ సంగతి చర్చకు వచ్చుట అరుదు. అందుచేతనే యిచ్చట ప్రస్తావించితిమి. 2001 మే 28వ తేదీన ఆయన ఢిల్లీలో దివంగతులైరి.

పరదేశమునకు బోయి తిరిగిరానివారందఱు వ్యర్థులని మా యభిప్రాయము గాదు. భీమవరమున బుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా చేరి, మరల మాతృదేశమును జూడకయే 1948లో గతించిరి. ఆయన యాధ్వర్యమున అచ్చటి ప్రయోగశాలలో వెలువడిన హెట్రజాను మందే, బోదకాలుతో బాధపడు మన సముద్రతీరపు పల్లెలకు బిళ్లలరూపమున వచ్చినది. దేహము రాకున్నను పని వచ్చినది. అయినను సుబ్బారావుగారివంటివారు నూఱేండ్ల కొకరు. సంఘనిధి ధనముతో బోవువారికి రామలింగస్వామిగారి త్రోవయే ఆదర్శము కావలెను.

మా పూర్వశిష్యు డొకడు వైద్యుడై ఆఱువారములు ఐరోపాదేశముల ఆసుపత్రులు చూచి వచ్చెను. మా యింటికి వచ్చి ఛాయాచిత్రములు చూపెను. అద్దాల మేడలు, గొప్ప యంత్రములు, తళతళలాడు నేలలు కనులపండువుగా నుండెను. రోగి ఆసుపత్రికి రాకముందు అచ్చట వాని యింటికి వచ్చువా రెవరు, బాలింతరాలిని ఎన్ని మాఱులు చూతురు, మరణములను లెక్కవ్రాయువా రెవరు అని మేమడిగితిమి. ఆ సంగతులు చూడలేదనెను. అబ్బాయి తప్పుగాదు. పంపినవారు చూడుమని చెప్పలేదు.

మన జిల్లాలో జవాబు దొరకని ప్రశ్న యొకటి గలదు. ఉద్దానమున, అనగా కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతముల కొబ్బరితోటల నడుమ, కాయకష్టము చేయువారు నడివయస్సుననే మూత్రపిండములు చెడి కృశించుచున్నారు. మధుమేహము లేదు, రక్తపుపోటు ముందుగా లేదు, కారణము ఇంకను నిశ్చయింపబడలేదు. 2023 డిసెంబరులో పలాసయందు మూత్రపిండవ్యాధులకై ఆసుపత్రియు పరిశోధనాకేంద్రమును తెఱువబడినవి, సంతోషము. ఇట్టి వ్యాధియే మధ్య అమెరికాలోని చెఱకుతోటల కూలీలలోను, సింహళద్వీపపు ఉత్తరమధ్యభాగపు రైతులలోను గలదు. ఆయా దేశములవారు ఎండవేడిమిని, నీటిని, ఎరువులను, పురుగుమందులను ఒక్కొక్కటిగా బరీక్షించుచున్నారు. మన బిడ్డలను బంపదలచినచో లండనునకంటె ముందు సింహళమునకు బంపుడని మా విన్నపము. ఖర్చు తక్కువ, ఉపయోగ మెక్కువ.

కావున ప్రతిపాదనకు మూడు నియమములు చేర్పుమని సభవారిని బ్రార్థించుచున్నాము. మొదటిది: పోవువాడు మన జిల్లానుండి ఒక ప్రశ్నను వ్రాసికొని పోవలెను. రెండవది: అచ్చట ఆసుపత్రితోబాటు పల్లెను, ఇంటిని, లెక్కపుస్తకమును జూడవలెను. మూడవది: వచ్చినపిమ్మట చూచినది తెలుగున వ్రాసి సంఘమున కిచ్చి, మన జిల్లాలోని యొక గ్రామమున రెండేండ్లైన దానిని బరీక్షింపవలెను. సఫలము కాకున్నను సిగ్గులేదు. సఫలము కాలేదని నిజము వ్రాసినచో అదియు విద్యయే.

శ్రీకాకుళమున బుట్టిన బాలుడు లోకమంతయు దిరిగి, ఒక కొండలోయలో అయిదేండ్లు ఉప్పును గొలిచి, కోట్లకొలది బిడ్డల బుద్ధిని గాపాడుటకు దారి చూపెను. మన బిడ్డలును అట్లే పోయి, అట్లే తిరిగివచ్చి, ఉద్దానపు తల్లుల కన్నీరు తుడుచు భాగ్యమును బొందుదురుగాక యని పరమేశ్వరుని వేడుకొనుచు విరమించుచున్నాము.